రైలు సర్వే రోజున ఒక పెళ్ళి

రైల్వేలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతేదైనా చెప్పండి" అంటారు. ఏ తుఫానులోనో రైలు ఆపి జనాన్ని కాపాడిన కథ చెబుతాననుకుంటారని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తుంది. అలాంటివి నాకూ ఒకటి రెండున్నాయి. కానీ అవి అందరూ చెప్పేవే. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం పట్టాలే లేని చోట రైలు కోసం జరిగిన ఒక రోజు గొడవ. అందులో రైలు లేదు, ప్రమాదం లేదు. పెళ్ళి మాత్రం ఉంది.

తెనాలి నుంచి వెళ్ళే రైలు రేపల్లెలో ఆగిపోతుందని మీకు తెలుసు. ఆ పైన పట్టాల్లేవు. రేపల్లె నుంచి సముద్రం పక్కగా బాపట్ల దాకా ఉన్న పల్లెల వాళ్ళు ఎటు వెళ్ళాలన్నా ఆటో ఎక్కాలి, లేదా ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం కాచుకోవాలి. అక్కడికి రైలు వెయ్యాలని జనం అడగడం నా చిన్నప్పటి నుంచీ వింటున్నదే. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో, సరే, అసలు వెయ్యడం గిట్టుబాటవుతుందో లేదో చూసి రమ్మని మమ్మల్ని పంపారు. నేను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ని. మా పని భూమి కొలవడం కాదు, మనుషుల్ని లెక్కపెట్టడం. ఎంతమంది తిరుగుతున్నారు, ఎక్కడికి, ఏం పని మీద, రైలొస్తే ఎక్కుతారా. అంతే.

మేము ముగ్గురం. మా పై ఆఫీసరు, నేను, నాతోటి ఇన్‌స్పెక్టరు ఒకాయన.

మా ఆఫీసరుకి ఆఫీసులో చాటుగా 'ఎర్రజెండా' అని పేరు. ఆయన సర్వే చేసిన ఏ లైనుకీ ఎప్పుడూ 'వెయ్యవచ్చు' అని రాయలేదు. లంచగొండి కాదు, దుర్మార్గుడు కాదు. మనిషి నీతికి నిలబడేవాడు. లెక్కలో లేనిది ఉన్నట్టు రాయడం ఆయనకి చేతకాదు. అబద్ధమాడాల్సి వస్తే ఆయనకి ఎక్కిళ్ళు వచ్చేవి. ఇది హాస్యానికి చెప్పడం లేదు, నేను రెండుసార్లు కళ్ళారా చూశాను.

నాతోటి ఇన్‌స్పెక్టరు ఆయనకి పూర్తిగా విరుద్ధం. తెనాలి మనిషే. ఎవరితోనైనా టీ తాగితే ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు తనకు తెలిసినవన్నీ చెప్పేసేవాడు. మంచి మనిషి, చురుకైనవాడు, ఇంగ్లీషు రిపోర్టులు ముత్యాల్లా రాసేవాడు. నోరు మాత్రం తలుపుల్లేని ఇల్లు.

మొదటి కొన్ని రోజులు పల్లెల్లో తిరిగి మాటలు విన్నాం. రైలు అందరికీ కావాలి. కానీ ఎవరి రైలు వాళ్ళకి కావాలి. మంచు పెట్టెల్లో చేపలు పంపేవాళ్ళకి తెల్లవారకముందే బయల్దేరే బండి కావాలి. బాపట్లలో చదివే ఆడపిల్లల తల్లులకి చీకటిపడకముందే ఇంటికి చేర్చే బండి కావాలి. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి, "రైలు రానియ్యండి సార్, నేను వద్దన్లేదు. కాకపోతే నా చెరువుకి రెండు కిలోమీటర్ల అవతల పోనియ్యండి. నేల అదిరితే రొయ్య మేత మానేసిద్ది" అన్నాడు.

"రొయ్యకి రైలు శబ్దం తెలుస్తుందా?" అన్నాడు మా ఆఫీసరు.

"మా ఆవిడ గట్టిగా మాట్లాడితేనే తెలిసిద్దండి" అన్నాడు ఆయన.

మా ఆఫీసరు దాన్ని కూడా సీరియస్‌గానే రాసుకున్నాడు.

ఆ తర్వాత అసలు లెక్క పెట్టాల్సిన రోజు. అది ఎవరికీ చెప్పకూడదు. చెబితే జనం తిరిగే తీరు మారిపోతుంది. మామూలు రోజున మామూలుగా ఎవరు తిరుగుతారో వాళ్ళే లెక్కలోకి రావాలి. రేపల్లె వైపు దారీ బాపట్ల వైపు దారీ కలిసే చోట ఒక పల్లె ఉంది. అక్కడ మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ముందు కూర్చుందామనుకున్నాం. ముందు రోజు సాయంత్రం నాతోటి ఇన్‌స్పెక్టరు రేపల్లె స్టేషన్ బయట టీ తాగాడు. ఆ టీ కొట్టాయన సొంతూరు ఆ సముద్రం పక్కనే. వాట్సాప్ అన్నది ఉండనే ఉంది. నేను వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే మేము వెళ్ళేసరికి ఐసు ఫ్యాక్టరీ ముందు ఎవరో మాకు కుర్చీలు వేసి, నీళ్ళ కూజా పెట్టి, నేల మీద కళ్ళాపి కూడా చల్లి ఉంచారు. సంగతి ఊరంతా పొక్కిందని అప్పుడే అర్థమైంది.

మొదటి ఆటో వచ్చింది. నిండా జనం. వెనకే రెండోది, దాని వెనక మూడోది. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. తిరునాళ్ళకి వెళ్తున్నట్టు పౌడర్లు రాసుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, మమ్మల్ని చూసి చేతులూపుతూ దిగుతున్నారు. సాధారణంగా సర్వే వాళ్ళని చూస్తే జనం మొహం తిప్పుకుని పోతారు. ఇక్కడ వరసలో నిలబడ్డారు.

మొదట ఒకావిడని అడిగాను. "ఎక్కడికమ్మా వెళ్తున్నారు?"

"బాపట్లండి."

"ఏం పని మీద?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "తిరిగి రావాలండి" అంది.

తర్వాత ఒక ముసలాయన. ఇద్దరు పట్టుకుని దించారు. రేపల్లె వెళ్తున్నానన్నాడు. అక్కడ రైలెక్కుతాడట. "రైల్లో ఏ ఊరు తాతగారూ?" అని అడిగాడు మా ఇన్‌స్పెక్టరు. ఆయన ఇబ్బందిగా వెనక్కి తిరిగి, "ఎక్కడికి ఎల్లమన్నార్రా నన్ను?" అని గట్టిగా అడిగాడు. వెనక ఆటోలోంచి నాలుగు గొంతులు నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పాయి.

నేను తల దించుకుని రాసుకుంటున్నాను గానీ పెదవులు కొరుక్కుంటున్నాను. మా ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తున్నాడు. ఆయనకి మొహాలు బాగా గుర్తుంటాయి. పొద్దెక్కే కొద్దీ ఆయన మెడ ఎర్రబడుతూ వచ్చింది.

ఒక చేపలావిడ ఉంది. బలమైన మనిషి, మాటకి మాట చెప్పే రకం. బాపట్ల వైపు వెళ్ళింది. కాసేపటికి రేపల్లె వైపు వెళ్ళింది. మళ్ళీ బాపట్ల వైపు వచ్చినప్పుడు కొంగు తల మీదికి కప్పుకుంది.

"ఏమ్మా, ఇందాక వచ్చావు కదా?" అన్నాడు మా ఆఫీసరు.

"అది మా చెల్లెలండి."

"అంతకు ముందు?"

"అది మా అక్కండి. మేం ముగ్గురం ఒక్క పోలికే."

"ముగ్గురి చేతికీ అదే చోట పచ్చబొట్టా?"

ఆవిడ చేతిని కొంగులోకి లాక్కుంది. "మా అమ్మ తేడా చూపించలేదండి, ముగ్గురికీ ఒకేలా పొడిపించింది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆటోల వాళ్ళ సంఘం నాయకుడు ఒకతను రైలు రాకూడదని రెండు రోజుల ముందే మా దగ్గర మొత్తుకున్నాడు. అతను ఆ రోజు ఆటో ఆపి, చెమట తుడుచుకుంటూ, వెలిగిపోతున్న మొహంతో నా దగ్గరికొచ్చాడు. "మేడం, రైలు సంగతి తర్వాత చూద్దురు గానీ, ఈ లెక్కపెట్టే పని రోజూ పెట్టుకోండి. మాకు అదే చాలు" అన్నాడు.

ఇంతలో బాపట్ల దారి నుంచి వచ్చే ఆటోలు ఆగిపోయాయి. వెళ్ళేవీ ఆగిపోయాయి. సంగతేంటంటే, కొంచెం అవతల మురుగుకాలవ మీద ఇరుకు వంతెన ఒకటుంది. ఒక్క బండి పట్టే దారి. అటు నుంచి తిరిగొచ్చే దొంగ ప్రయాణికులూ, ఇటు నుంచి కొత్తగా బయల్దేరిన దొంగ ప్రయాణికులూ దాని మీద ఎదురుబొదురు ఇరుక్కుపోయారు. ముందుకి పోలేరు, వెనక ఆటోలు ఉన్నాయి గనక వెనక్కీ పోలేరు. ఆ దారి పుట్టాక ట్రాఫిక్ జాం చూడటం అదే మొదటిసారి అని ఊళ్ళోవాళ్ళు గర్వంగా చెప్పుకున్నారు. "చూశారా సార్ రద్దీ!" అని ఒకాయన మా ఆఫీసరుకే చూపించాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఈ లెక్క చెల్లదు" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇక్కడ నిజంగా పని మీద వెళ్ళేవాడు ఒక్కడూ లేడు. ఇంత నాటకమాడేవాళ్ళకి రైలెందుకు? కాగితాలు సర్దండి."

నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

సరిగ్గా అప్పుడు పల్లెలోంచి ఒక కుర్రాడు నడుచుకుంటూ వచ్చాడు. నల్ల సూటు, టై, చేతులకి తెల్ల గ్లౌజులు, జేబు దగ్గర గులాబీ. పక్కన ఇంకొకతను గొడుగు పట్టుకుని, చేతిలో పూలదండ ఉన్న కవరు మోస్తున్నాడు. మండే ఎండలో సూటు వేసుకున్న మనిషి దుమ్ములో గబగబా నడిచి వస్తుంటే మా ఆఫీసరు వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

"ఇదొక్కటే తక్కువైంది" అన్నాడు. "వేషాలు కూడా వేస్తున్నారు. రావయ్యా. ఎక్కడికి?"

"బాపట్ల, చర్చికండి." కుర్రాడు రొప్పుతున్నాడు.

"ఏం పని?"

"పెళ్ళండి."

"ఎవరిది?"

"నాదేనండి."

"తిరుగు ప్రయాణం ఎప్పుడు?"

"సాయంత్రం... భార్యతోనండి."

"బాగుంది. పోతూ ఒక లెక్క, వస్తూ రెండు లెక్కలు. ఈ ఉపాయం ఎవరు చెప్పారు నీకు?"

కుర్రాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం కందిపోయింది. "సార్, నాకు నిజంగానే పెళ్ళండి! మేం మాట్లాడుకున్న ఆటోలన్నీ మీ లెక్క కోసం వెళ్ళిపోయినయ్యి. మా వాళ్ళంతా వాటిల్లోనే ఉన్నారు. రెండు రౌండ్లు కొట్టి వచ్చి నన్ను ఎక్కించుకుంటామన్నారు. ఎవ్వరూ రాలేదండి. అక్కడ పాస్టరు గారు ఎదురు చూస్తన్నారు" అన్నాడు. ఇంకొక్క మాట అయితే ఏడ్చేసేలా ఉన్నాడు.

మా ఆఫీసరు నమ్మలేదు. పొద్దున్నుంచీ అన్నీ విన్న మనిషి. ఎలా నమ్ముతాడు?

అప్పుడు వంతెన వైపు నుంచి నడిచి వస్తూ చేపలావిడ కుర్రాణ్ణి చూసింది. నోటి మీద చెయ్యి వేసుకుంది. పరుగున వచ్చి మా ఆఫీసరు ముందు రెండు చేతులూ జోడించింది. "అయ్యా! మాయన్నీ అబద్ధాలే. వీడిది మాత్రం నిజమయ్యా! వీడు నా మేనల్లుడు. వీడి పెళ్ళికే కట్టుకున్నానయ్యా ఈ చీర. లెక్కల గోలలో పడి మర్చిపోయా."

కొంగు జారిపోయింది. పచ్చబొట్టు బయటపడింది. ఆవిడ పట్టించుకోలేదు.

మా ఆఫీసరు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత కుర్రాడి బూట్లకేసి చూశాడు. నిండా దుమ్ము. "నడిచే వెళ్దామని బయల్దేరావా?" అన్నాడు.

"మరేం చెయ్యనండి? ముందు బయల్దేరితే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దొరక్కపోదా అని."

మా ఆఫీసరు మమ్మల్ని తీసుకొచ్చిన జీపు వైపు తిరిగాడు. "జీపు తియ్యి" అన్నాడు డ్రైవరుతో.

వంతెన మీద దారి లేదు. డ్రైవరు సరుగుడు తోటల్లోంచి ఇసుక బాట ఒకటి ఉందన్నాడు. పెళ్ళికొడుకునీ తోడు పెళ్ళికొడుకునీ చేపలావిడనీ ఎక్కించుకుని మేము బయల్దేరాం. ఇసుకలో జీపు కూరుకుపోయిన ప్రతిసారీ అందరం దిగి తోశాం. పెళ్ళికొడుకు దిగబోతే చేపలావిడ, "నువ్వు కదిలావంటే చంపేస్తా, సూటు పాడయిద్ది" అని కూర్చోబెట్టింది. అందువల్ల బరువు తగ్గలేదు. ఏ లైనునీ ఒప్పుకోని మా ఆఫీసరు షూల్లో ఇసుక పోసుకుని, భుజం ఆనించి, ఆవిడ "ఒక్కటే... బలం!" అని అరుస్తుంటే ఆ పాటకి జీపు తోస్తున్నాడు. నా సర్వీసులో అంతకన్నా మంచి దృశ్యం నేను చూడలేదు.

బాపట్లలో చర్చి చేరేసరికి బాగా ఆలస్యమైంది. పెళ్ళికూతురు తెల్లచీరలో, తల మీద మేలిముసుగుతో ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ అమ్మాయి అక్కడే ఒక స్కూల్లో టీచరు. పాటలు పాడేవాళ్ళు తమకు తెలిసిన పాటలన్నీ అయిపోయి మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారట. పెళ్ళికొడుకుని లోపలికి పంపి మేము వెళ్ళిపోబోయాం. చేపలావిడ ఊరుకోలేదు. "పెళ్ళికొడుకుని తెచ్చినోళ్ళు పెళ్ళి చూడకుండా పోతారా, తప్పు!" అని మమ్మల్ని లోపలికి తోసింది. ఆడపెళ్ళివారు మాకు గేటు దగ్గర చల్లటి డ్రింకులు ఇచ్చారు.

చెప్పాను కదా, మా ఇన్‌స్పెక్టరు ఎవరితోనైనా గ్లాసు పట్టుకున్నాడంటే అంతే. ఆయన పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఆలస్యం ఎందుకైందని అడిగాడు. ఈయన పూసగుచ్చినట్టు చెప్పాడు. లెక్క మొత్తం రద్దు చేశారనీ, ఇంక రైలు రావడం కల్ల అనీ కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి పెళ్ళికూతురి తండ్రి.

పెళ్ళి మొదలైంది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. వాక్యం చదివారు. తర్వాత ఎప్పుడూ అడిగే మాట అడిగారు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఆ మాట అడిగాక ఒక్క క్షణం ఆగి ముందుకి వెళ్ళిపోవడం అలవాటు. ఆయన వెళ్ళిపోబోతున్నారు.

"నాకుందండి" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

పాస్టరు గారు పుస్తకం మూశారు. వేలు మాత్రం లోపలే ఉండిపోయింది.

"అయ్యగారూ, సంబంధం మాట్లాడేటప్పుడు ఈళ్ళ పెద్దలు నాకేం చెప్పారో అడగండి" అన్నాడు తండ్రి. ఆయనలో కోపం కన్నా భయం ఎక్కువ కనపడింది నాకు. "రైలు వచ్చేస్తంది, సర్వే కూడా మొదలైంది, మీ అమ్మాయి పొద్దున్నే రైలెక్కి స్కూలుకి పోవచ్చు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు, ఉద్యోగం మానక్కర్లేదు అన్నారు. నమ్మాను. ఇప్పుడు పెళ్ళికొడుకే తన పెళ్ళికి రాలేకపోయాడు. నా కూతురు రోజూ ఎట్టా వచ్చిద్ది? కష్టపడి చదివించుకున్నాను. ఆ పిల్ల ఉద్యోగం పోతే?" ఆయన వెనక్కి తిరిగి మా ఆఫీసరుని చూపించాడు. "రైల్వే ఆఫీసరు గారు ఇక్కడే ఉన్నారు. ఆయన్నే చెప్పమనండి. రైలు వచ్చిద్దా, రాదా? వచ్చిద్దంటే పెళ్ళి జరిపించండి."

చర్చి మొత్తం మా ఆఫీసరు వైపు తిరిగింది. పెళ్ళికొడుకు తిరిగాడు. చేపలావిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, 'వచ్చిద్దని చెప్పవయ్యా' అన్నట్టు చూస్తోంది. ఒక్క మాట చాలు. వస్తుందంటే సరిపోతుంది. మళ్ళీ ఆయన్ని ఎవరు పట్టుకుంటారు? వస్తుందనెయ్యండి సార్ అని నేనూ, నాతోటి ఇన్‌స్పెక్టరూ అటూ ఇటూ ఆయన చొక్కా పట్టి లాగుతున్నాం.

ఆయన లేచాడు. షూల్లోంచి ఇసుక రాలింది. నోరు తెరిచాడు. ఎక్కిళ్ళు వచ్చాయి.

అబద్ధం చెప్పడానికి ప్రయత్నించాడని నాకు అర్థమైంది. ఆయన మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది అప్పుడే.

ఎవరో నీళ్ళిచ్చారు. తాగాడు. "రైలు వస్తుందని నేను చెప్పలేనండి" అన్నాడు. చేపలావిడ నెత్తి కొట్టుకుంది. "రాదని కూడా చెప్పలేను. లెక్క తేలలేదు. ఇవాళ్టి లెక్క మాత్రం దొంగలెక్క. పొద్దున్నుంచీ అడిగిన ప్రతివాళ్ళూ నాకు అబద్ధమే చెప్పారు." మగపెళ్ళివారిలో అప్పటికి చేరుకున్నవాళ్ళు తలలు దించుకున్నారు. "నిజం చెప్పింది ఈ అబ్బాయి ఒక్కడే. నేనే నమ్మలేదు. ఆటో లేదు, బస్సు లేదు. ఎంత దూరమో తెలిసి కూడా సూటు వేసుకుని ఎండలో నడిచి బయల్దేరాడు. నేను ఇన్నేళ్ళుగా ప్రయాణికుల్ని లెక్కపెడుతున్నాను. వెళ్ళి తీరాలని బయల్దేరినవాణ్ణి ఇట్లా ఇంకొకణ్ణి చూడలేదు. రైలుకి నేను పూచీ ఉండలేను. ఈ అబ్బాయికి ఉంటాను."

కూర్చున్నాడు. ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు. అప్పుడు పెళ్ళికూతురు మేలిముసుగు ఎత్తింది.

"నాన్నా, రైలు వస్తే రైలెక్కుతాను. రాకపోతే ఆటో ఎక్కుతాను. స్కూలుకి వెళ్ళేది నేను కదా. ఉద్యోగం మాననని ఇతనికి ముందే చెప్పాను." పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "చెప్పానా లేదా?"

"చెప్పిందండి" అన్నాడు పెళ్ళికొడుకు పాస్టరు గారితో.

"ఇంక కూర్చో నాన్నా. ఎండకి ఆ సూటులో అతను పడిపోయేట్టున్నాడు."

తండ్రి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరు గారు వేలున్న చోటే పుస్తకం తెరిచారు.

భోజనాల దగ్గర మా ఆఫీసరుని పెద్దల వరసలో కూర్చోబెట్టారు. రొయ్యల వేపుడు ఆయన ముందు పెట్టి, చేపలావిడ స్వయంగా కొసరి కొసరి వడ్డించింది. తిరిగి వెళ్ళేటప్పుడు కూడా ఆ ఇసుక బాటే పట్టాం. సరుగుడు తోటలు దాటాక ఆయన నాతో, "ఇంకో రోజు మళ్ళీ లెక్కపెడదాం. ఏ రోజో నీకు కూడా చెప్పను" అన్నాడు. మా ఇన్‌స్పెక్టరుని చూస్తూ అన్నాడు గానీ నాతోనే అన్నాడు.

అలాగే పెట్టాం. ఈసారి ఎవరూ చేతులూపలేదు. చేపల పెట్టెలు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళు. అందరూ నిజమైనవాళ్ళే. కానీ తక్కువమంది. రైలు వెయ్యడానికి చాలరు.

ఆఫీసుకొచ్చాక ఆయన నన్ను పిలిచాడు. మామూలుగా అయితే 'గిట్టుబాటు కాదు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "ఏం రాద్దామంటావు?" అన్నాడు. ఆ మాట ఆయన ఎవరినీ అడిగి ఎరగడు.

"సార్, లెక్క తక్కువే. కాదన్లేను. కానీ దారి బాగాలేదని ఎంతమంది ఇంట్లోనే ఉండిపోతున్నారో వాళ్ళని మనం లెక్కపెట్టలేదు. బయల్దేరినవాళ్ళనే రోడ్డు మీద కూర్చుని లెక్కపెట్టాం. బయల్దేరనివాళ్ళు ఎట్లా కనపడతారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ మాట నువ్వు నాకు పదేళ్ళ ముందు చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"మీరు చెయ్యెత్తి ఆపేవారు కదా సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వితే బాగుంటాడని అప్పుడే తెలిసింది.

ఇప్పటికి గిట్టుబాటు కాదనీ, అయితే కొన్నేళ్ళకి తప్పకుండా మళ్ళీ చూడాలనీ, ఆ లోపు ఐసు ఫ్యాక్టరీ పక్కన స్టేషనుకి పనికొచ్చే జాగా వదిలిపెట్టించాలనీ రాశాడు. జాగాకి నాలుగు మూలలా రంగు వేసిన రాళ్ళు పాతించాడు కూడా. పైవాళ్ళు మొదటి వాక్యం చదివి ఫైలు కట్టేశారు. ఆయన రిటైరయ్యాడు, తర్వాత నేనూ అయ్యాను.

అసలు అక్కడ రైలు రావాలా వద్దా అని మీరు నన్నడిగితే, రావాలనే అంటాను. అన్నాక రొయ్యల చెరువు ఆయన గుర్తొస్తాడు, పట్టాల కింద పోయే పొలాలు గుర్తొస్తాయి, కాస్త తగ్గి మాట్లాడతాను. లెక్క చూడకుండా వద్దనకండి. లెక్క ఒక్కటే చూసి కూడా వద్దనకండి. మీరు ఉద్యోగంలో ఇంకా చాలా ఊళ్ళు చూస్తారు గనక ఈ మాట చెబుతున్నాను.

పోయినేడు ఆ టీచరమ్మాయి కొత్తిల్లు కట్టుకుని నన్ను పిలిచింది. ఉద్యోగం మానలేదు. ఇన్నేళ్ళూ ఆటోలో తిరుగుతూనే ఉంది, ఈ మధ్యనే స్కూటీ కొనుక్కుంది. బాపట్లలో బండి కోసం నిలబడితే ఒక ఆటో అతను "స్టేషన్, స్టేషన్, ఇద్దరే, ఇద్దరే!" అని అరుస్తున్నాడు. నేను రైలెక్కను నాయనా, సముద్రం పక్క పల్లెకి వెళ్ళాలి అన్నాను. "అక్కడికేనండి, ఎక్కండి పిన్నిగారూ" అన్నాడు.

ఐసు ఫ్యాక్టరీ పక్కన దింపాడు. రంగు వెలిసిన రాళ్ళు నాలుగూ అక్కడే ఉన్నాయి. ఆ జాగాలో ఎవరూ ఇల్లు కట్టలేదు. దాని అంచున స్టేషన్ టిఫిన్స్, స్టేషన్ సెల్ పాయింట్, స్టేషన్ చికెన్ సెంటర్ వచ్చాయి. ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. టిఫిన్ బండి ఆవిడ దగ్గరికెళ్ళి, "ఏమ్మా, ఇక్కడికి రైలు ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

ఆవిడ అట్టు తిరగేస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"రైలు సంగతి మాకు తెలీదు పిన్నిగారూ" అంది. "స్టేషన్ మాత్రం ఇదేనండి."